డిమ్నా గట్టు మీద కళ్లు తెరిచాను

నా ఫోటోలు అన్నిట్లోనూ నేను కళ్లు మూసుకునే ఉంటాను. రేషన్ కార్డు మీద అంతే, బ్యాంకు పుస్తకం మీద అంతే, కొడుకు పెళ్లి ఆల్బమ్‌లో అయితే పన్నెండు ఫోటోల్లో పన్నెండుసార్లూ అంతే. అక్షింతలు వేస్తూ నిద్రపోయిన అత్తగారిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అలాంటి నేను మొన్న శనివారం బారిడీహ్‌లోని మా ఇంటి నుంచి డిమ్నా సరస్సు దాకా, దాదాపు ఇరవై కిలోమీటర్లు, కేవలం ఒక ఫోటో తీయించుకోవడానికి వెళ్లాను. మాది ఉక్కు ఫ్యాక్టరీల హిందీ ఊరు. నేను చదివింది నాలుగో తరగతి. నోటుబుక్కులో రాసి ఇస్తే మా కోడలు ఫోనులోకి ఎక్కిస్తుంది. ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. తప్పులుంటే నావి, అక్షరాలు కోడలివి.

అసలు కారణం మా మనవరాలు నీలు. ఇరవై రెండేళ్లది. రెండేళ్లుగా ఫోటోలు తీయడం నేర్చుకుంటోంది. సాక్చీలో ఒక స్టూడియో ఆయన దీనికొక పరీక్ష పెట్టాడు. సోమవారం పొద్దున ఒకే ఒక్క ఫోటో తీసుకురమ్మన్నాడు. ఆరుబయట, సాయంత్రం వేళ, ఒక మనిషి ముఖం. వెనక ఆకాశం రంగు పోకూడదు, ముందు ముఖం నల్లబడకూడదు, కళ్లు మనవైపు చూస్తుండాలి. నచ్చితే ఈ పెళ్లిళ్ల కాలం నుంచే పనిలోకి తీసుకుంటానన్నాడు. అది విని మా అబ్బాయి కూడా ఒక మాట అనేశాడు: "ఆయన ఊఁ అంటే సరే. నేదంటే మంగళారం నుంచి రైల్వే కోచింగుకి ఎల్తావు. మరింక కెమెరా మాట ఎత్తకు." నీలు "ఠీక్ హై పాపా" అంది గానీ దాని గొంతు నాకు తెలుసు కదా.

ఫోటోకి నిలబడతానన్న స్నేహితురాళ్లు ఇద్దరిలో ఒకతెకు పరీక్ష వచ్చింది, ఇంకొకతెకు జ్వరం వచ్చింది. శనివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఖాళీగా ఉన్న ముఖం నాదొక్కటే. "మామ్మా, తూ చల్" అంది నీలు. నువ్వు రావే అని. మా ఇంటాయన కుర్చీలోంచే, "ఆ సారు నిద్రపోతన్న మనిషి ఫోటో తెమ్మన్నాడేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల దిగులే. నా రెండు రెప్పల వల్ల పిల్ల బతుకు మారిపోతుందే అని.

సామాను గురించి కొంచెం చెప్పాలి. మామూలుగా ఫ్లాష్ లైటు కెమెరా నెత్తిమీద ఉంటుంది. దానితో తీస్తే ముఖం పిండి రాసినట్టు వస్తుందట. అందుకని నీలు ఆ లైటును తీసి, పక్కన ఒక స్టాండు మీద పెట్టి, దాని ముందు తెల్ల గొడుగు కడుతుంది. మరి కెమెరా ఇక్కడ, లైటు అక్కడ అయితే ఎప్పుడు వెలగాలో దానికి ఎలా తెలుస్తుంది? దానికే ట్రిగ్గర్ అనే పరికరం ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఒక ముక్క కెమెరా మీద, ఇంకో ముక్క లైటు కింద. మధ్యలో తీగ ఉండదు, రేడియోలాగా గాలిలోంచే కబురు వెళ్తుంది. నీలు దగ్గర పాతవి ఒక జత ఉన్నాయి, సెకండ్ హ్యాండులో కొన్నవి. అవి తీసుకెళ్తే నామోషీ అని స్నేహితురాలి కొత్త సెట్టు అడిగి తెచ్చింది. ఆ సెట్టులో లైటు కూడా ఉంది, రెండో ముక్క దాని లోపలే ఉంటుంది. కెమెరా మీది ముక్కకు చిన్న తెర, దాని నిండా నంబర్లు. ఎంత వెలుగు కావాలో అదే లెక్క వేసుకుంటుందట.

"పాతవి వద్దు మామ్మా, బోఝ్ బఢేగా" అంది, బరువు పెరుగుతుందని. నేను సరేనన్నాను. అని, అది బట్టలు మార్చుకుంటుంటే పాత జతను కొంగు చాటున తెచ్చి నా సంచిలో వేశాను. టార్చిలైటులో వదిలేసిన సెల్లు కారిపోయి పాడవడం చూశాను కాబట్టి వాటిలోంచి సెల్లు తీసి వేరే జేబురుమాల్లో మూడు ముళ్లు వేసి కట్టాను. ఇంకా తాడు, రెండు పాలిథిన్ సంచులు, నొప్పుల బామ్, గొడుగు, నీళ్లసీసా, బిస్కట్లు. వాన వస్తే? స్టాండు పడితే? పిల్లకు కళ్లు తిరిగితే? నేను ఆలోచించకపోతే ఈ ఇంట్లో ఎవరు ఆలోచిస్తారు?

రెండింటికి బారిడీహ్ చౌక్‌లో టెంపో ఎక్కాం. మా ఊళ్లో ఆటోను టెంపో అంటారు. సాక్చీకి మనిషికి ఇరవై. స్టాండు సంచి పొడవుగా బయటికి వచ్చిందని డ్రైవరు వెనక్కి తిరిగి, "దాదీ, చేపలు పట్టడానికా?" అని హిందీలో అడిగాడు. "చేపలు కాదు బాబూ, ట్రిగ్గర్ ఉంది అందులో" అన్నాను నాకొచ్చిన హిందీలో. పక్కన కూర్చున్న పెద్దమనిషి చప్పున మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. నీలు తల పట్టుకుని కెమెరా తీసి చూపించే దాకా ఆయన నా సంచి వైపే చూస్తున్నాడు. ట్రిగ్గర్ అంటే తుపాకీది కూడానట. నాకెవరు చెప్పారు?

సాక్చీ గోల్‌చక్కర్ కూడలి దగ్గర దిగి, మానగో మీదుగా డిమ్నా చౌక్ వెళ్లే టెంపో పట్టుకోవాలి. అదీ ఇరవయ్యే. కానీ మానగో వంతెన కింద సుబర్ణరేఖ నది నీళ్ల కంటే పైన బళ్లే ఎక్కువ. ఆ రోజు అరగంట కదల్లేదు. నేను సూర్యుణ్ని చూస్తూ కూర్చున్నాను. అతను మాత్రం ఆగడం లేదు. డిమ్నా చౌక్ నుంచి సరస్సుకి షేర్ టెంపోలు సరిగా దొరకవు, మొత్తం టెంపో మాట్లాడుకోవాలి. మేము రానుపోను, అక్కడ ఆగడంతో కలిపి, నాలుగు వందలకు ఒప్పుకున్నాం. వెళ్లేటప్పుడు మాత్రమే మాట్లాడుకుంటే చీకటిపడ్డాక అక్కడ బండి ఉండదు. ఇది నా కంగారు కాదు, డ్రైవరే చెప్పాడు. పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. "మీరు హాయిగా ఫోటోలు తీసుకోండి అమ్మా, నేను గట్టు దగ్గరే నిద్రపోతాను" అన్నాడు. నిద్రపోతాను అన్నందుకు నాకింకో దిగులు పట్టుకుంది, లేవకపోతే ఎలాగని.

నాలుగు గంటల లోపే చేరాం. సరస్సు చుట్టూ దల్మా కొండలు, మధ్యలో నీళ్లు నీలంగా, కదలకుండా ఉన్నాయి. నలభై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఇది నాలుగోసారి చూడటం. గట్టు పక్కన ఒకావిడ ధుస్కాలు వేయిస్తోంది. బియ్యం, శనగపప్పు రుబ్బి నూనెలో వేసే పూరీల్లాంటివి, పక్కన శనగల కూర. ఒక ఆకుదొన్నె ముప్పై రూపాయలు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పెళ్లికూతురు ఎక్కడ?" అని అడిగింది. కెమెరా, తెల్ల గొడుగు వస్తే వెనకాల పెళ్లికూతురు రావడం ఇక్కడ రివాజు. "ఇదిగో, నేనే" అన్నాను. ఆవిడ గరిట పట్టుకునే పకపకా నవ్వి, ఒక ధుస్కా ఎక్కువ వేసింది. పెళ్లికూతురికట.

గట్టు మీద గాలి ఎక్కువ. నీలు గొడుగు కట్టగానే స్టాండు ఊగింది. నేను పాలిథిన్ సంచుల్లో రాళ్లు వేసి స్టాండు కాళ్లకు తాడుతో కట్టాను. "అరే వాహ్ మామ్మా" అంది నీలు. అది మెచ్చుకున్నది ఆ రోజుకి అదే మొదలు. తరువాత గంటసేపు మెచ్చుకోవడానికి ఏమీ దొరకలేదు.

నన్ను రాతి గోడ పక్కన నిలబెట్టింది. సూర్యుడు నా భుజం వెనక. లైటు నా ఎడమ పక్కన, నాలుగడుగుల దూరంలో. "రెడీ మామ్మా? ఏక్, దో, తీన్." లైటు వెలిగింది. చూపించింది. వెనక ఆకాశం కమలాపండు రంగులో ఎంత బాగుందో. ముఖం మీద వెలుగు వెన్న రాసినట్టుంది. కళ్లు మూసి ఉన్నాయి.

మళ్లీ తీసింది. మూసి ఉన్నాయి. అంకెలు చెప్పకుండా తీసింది. మూసి ఉన్నాయి. ముందు నన్నే కళ్లు మూసుకోమని, తెరవగానే నొక్కింది. అప్పుడూ అంతే. ఇరవై దాకా తీసి ఉంటుంది.

"భయమెందుకు మామ్మా? అది లైటేగా."

"భయం కాదే తల్లీ. నాను తెరిసే ఉంచుతన్నాను. అయే మూసుకుంటన్నాయి."

"థోడా కోశిష్ కరో నా." కాస్త ప్రయత్నించవే అని.

"ఇంకేటి కోశిష్ సెయ్యను? ఏల్లతో పట్టుకుని నిలబడమంటావా?"

నిజంగానే వేళ్లతో పట్టుకున్నాను. ఆ ఫోటో కూడా తీసింది. అందులో నేను దెయ్యం పట్టినదానిలా ఉన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నీలు అటు తిరిగి ముక్కు తుడుచుకుంది. సూర్యుడు కొండకి జానెడు పైన ఉన్నాడు. నాకు రైల్వే కోచింగు బల్లలు కళ్లముందు కనబడ్డాయి.

ఆ సమయంలో ఇంకో చోటు నుంచి ఒక పెళ్లిజంట, వాళ్ల ఫోటోగ్రాఫరు మాకు పాతిక అడుగుల దూరంలోకి వచ్చి లైట్లు పెట్టుకున్నారు. అక్కడ వాళ్లు అసలైన పెళ్లికూతురితో, ఇక్కడ మేము. నీలు కెమెరా కిందికి దించి, ఏం చేయాలా అని నన్నే చూస్తోంది. ఉన్నట్టుండి మా లైటు ఫట్‌మని వెలిగింది. నీలు నొక్కలేదు. మళ్లీ వెలిగింది. నేను స్టాండు వైపే చూస్తున్నాను, దీనికి గాలి సోకిందేమోనని.

"ఏయ్ భయ్యా, మీది ఏ చానెల్?" అని నీలు అరిచింది. ఆ ఫోటోగ్రాఫరు ఇటు చూసి, "ఒకటి. మీది?" అన్నాడు. "మాదీ ఒకటే!" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. విషయమేమిటంటే, ఈ రేడియో ముక్కలు కొన్నప్పుడు ఒకటో నంబరు చానెల్ మీద ఉంటాయట. ఎవరూ మార్చరు. అందుకని అక్కడ ఆయన కెమెరా నొక్కితే ఇక్కడ మా లైటు పలుకుతోంది. పక్కింటివాళ్ల తలుపు కొడితే మనం "వత్తన్నా" అని లేచినట్టు.

కానీ నీలు ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయి నా ముఖం చూసింది. "మామ్మా. ఇప్పుడు లైటు వెలిగితే నువ్వు కళ్లు మూయలేదు."

"మూయనేదా?"

"లేదు. నేను చూశాను. రెండుసార్లూ."

నేను ఆలోచించాను. "ఇప్పుడు అది ముందు సిటుక్కుమననేదు కదే."

"చిటుక్కేంటి?"

"నువ్వు నొక్కినప్పుడు ముందు సన్నగా ఒక మెరుపు వత్తాది. తరవాత పెద్దది. ఆ సన్నమెరుపు సూడగానే నా కళ్లు మూసుకుపోతాయి. యార్డులో అలవాటు."

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. పెళ్లికి ముందు నుంచే నేను ఆదిత్యపూర్ వైపు ఒక కాంట్రాక్టు యార్డులో రేజాగా పనిచేశాను. రేజా అంటే ఆడకూలీ. వెల్డింగు చేసేచోట ఇనుప ముక్కలు మోయడం, తుక్కు ఊడ్చడం మా పని. మాకు నల్లద్దాలు ఉండేవి కావు. వెల్డర్ రాడ్డును ఇనుముకి తాటించగానే ముందు చిటుక్కుమని చిన్న మిణుగురు వస్తుంది. అప్పుడే అతను "ఆంఖ్!" అని అరుస్తాడు. కళ్లు అని. అందరం మూసుకోవాలి. మూయకపోతే ఇంటికెళ్లాక కళ్లల్లో ఇసుక పోసినట్టు మండేది. ఇరవై ఏడేళ్లు ఆ పని. మిణుగురు చూడటం, మూసుకోవడం.

నీలు ఇదంతా విని కెమెరాను చేతిలో గట్టిగా పట్టుకుంది. "మామ్మా, అది ప్రీఫ్లాష్!" అంది. ఆ కొత్త సెట్టు ఎంత వెలుగు కావాలో తేల్చుకోవడానికి ముందు ఒక చిన్న మెరుపు మెరిపించి చూసుకుంటుందట. పక్కాయన వెలుగు చేత్తోనే పెట్టుకున్నాడు కాబట్టి ఆయన నొక్కినప్పుడు అది రాలేదట. పెద్ద మెరుపు వెంటనే వస్తుంది కాబట్టి మనలో చాలామందికి రెండూ ఒకటే అనిపిస్తాయి. నా కళ్లకు మాత్రం అది రాడ్డు.

"అంటే అది నాకు కన్ను కొడతందన్నమాట" అన్నాను. "ఎవరో కన్ను కొడితే కళ్లు మూసుకోక ఏటి సేత్తాం, మరియాదస్తులం."

అప్పటికే నీలు కొత్త సెట్టు తెర మీద వేళ్లు పరిగెత్తిస్తోంది. చానెల్ మార్చాలి, ఆ చిన్న మెరుపు ఆపాలి. కెమెరా మీది ముక్కకు మార్చింది గానీ, లైటు లోపలి దానికి ఎలా మార్చాలో తెలియలేదు. స్నేహితురాలికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఇప్పుడు రెండు ముక్కలూ ఒకదానితో ఒకటి మాట్లాడటం మానేశాయి. లైటు అసలు వెలగడం లేదు. సూర్యుడు కొండకి బెత్తెడు.

నేను సంచిలో చెయ్యి పెట్టాను. "తిట్టకు మరి" అని పాత జత తీసి గోడ మీద పెట్టాను. నీలు నావైపు చూసిన చూపు నేను ఎప్పటికీ మరిచిపోను. "సెల్స్?" అంది. "ఉన్నాయి, ఇదిగో రుమాల్లో." మూడు ముళ్లు. నా వేళ్లకి రావడం లేదు, దానికి ఓపిక లేదు. చివరికి పళ్లతో విప్పింది. "ముళ్లేంటి మామ్మా ఇవి, బ్యాంకు లాకరా?"

పాత ముక్కలకు తెర లేదు, లెక్క లేదు. పక్కన చిన్న మీటలు ఉన్నాయి, వాటిని కిందికీ పైకీ జరిపితే చానెల్ మారుతుంది. వెలుగు ఎంతో లైటు మీద మనమే పెట్టుకోవాలి. ముందుగా కన్ను కొట్టడం దానికి రాదు. దానికి తెలిసింది ఒకే మాట: ఇప్పుడు.

మొదటిది ముఖం తెల్లగా పోయింది. వెలుగు తగ్గించింది. రెండోది సరిగ్గా వచ్చింది, కళ్లు తెరిచే ఉన్నాయి! గట్టిగా అరవబోయాను. నీలు మాత్రం తల అడ్డంగా ఊపింది. "రేషన్ దుకాణం లైన్‌లో నిలబడ్డట్టున్నావు." నిజమే, భయపడి పెద్దవి చేసి పెట్టాను.

పక్కనున్న ఫోటోగ్రాఫరు కూడా పని ఆపి చూస్తున్నాడు. ధుస్కాలావిడ పొయ్యి వదిలి వచ్చింది. నీలు కెమెరా కంటి దగ్గర పెట్టుకునే, మామూలుగా అడిగింది: "మామ్మా, యార్డులో ఆంఖ్ అని అరిచిన వెల్డర్ ఎవరు?"

"ఇంకెవరు, మీ తాతే."

"అరే! అందరికీ హిందీలోనే అరిచేవాడా?"

"అందరికీ ఆంఖ్ అనేవోడు. తరవాత నా పక్కకి తిరిగి, నాకొక్కదానికే నెమ్మదిగా మన మాటలో..."

"ఏమనేవాడు?"

నేను చెప్పబోయాను. లైటు వెలిగింది.

నీలు చాలాసేపు తెర చూసింది. వచ్చి నా ముందు పెట్టింది. వెనక ఆకాశం కుంకుమ రంగు. కొండలు నల్లగా. మధ్యలో నేను, నోరు కొంచెం తెరుచుకుని, ఎవరో ఎదురుగా ఉన్నట్టు చూస్తున్నాను. ఆ ముఖంలో అరవై ఎనిమిదేళ్లు ఉన్నాయి, పంతొమ్మిదేళ్లు కూడా ఉన్నాయి. "పెళ్లికూతురు" అంది ధుస్కాలావిడ, ఈసారి నవ్వకుండా.

డ్రైవరు నిద్రపోలేదు, బండి తుడుస్తున్నాడు. నేను అనవసరంగా దిగులుపడ్డాను. ఏడింటికల్లా ఇంట్లో ఉన్నాం. మా ఇంటాయన కెమెరాను దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని ఫోటో చూశాడు.

"ఏటి సెప్పబోతన్నావు ఇందులో?"

"నువ్వు సెప్పీదే."

కెమెరా నీలు చేతికిచ్చాడు. తరువాత, "కళ్లు ముయ్యి పిల్లా" అన్నాడు, ఆ యార్డులో అన్నంత నెమ్మదిగా. కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది. నాకు సిగ్గేసి నీళ్ల బిందె వైపు వెళ్లిపోయాను.

సోమవారం స్టూడియో ఆయన ఆ ఫోటో చూసి మొదట లైటు గురించి అడగలేదట. "ఈవిడ ఏదో చెప్పబోతోంది, ఏమిటది?" అన్నాడట. నీలు చెప్పింది. ఆయన నవ్వి, గురువారం బిర్సానగర్‌లో ఒక పెళ్లి ఉంది, కెమెరా తీసుకుని వచ్చెయ్యమన్నాడు. పాత ట్రిగ్గర్లు కూడా తెమ్మన్నాడు. మా అబ్బాయి కోచింగు కాగితాన్ని మడిచి ఫ్రిజ్ కింద పెట్టాడు, అది ఊగకుండా. గురువారం వాన పడుతుందేమో, పిల్ల గొడుగు మరిచిపోతుందేమో అని నాకిప్పుడు కొత్త దిగులు.

ఇన్నేళ్లూ నేను లైటుకు భయపడే మనిషిని అనుకున్నాను, ఇంట్లోవాళ్లూ అలాగే అనుకున్నారు. భయం కాదు. నాకు చెడు జరగకూడదని ఒక మనిషి ముందుగా చెప్పేవాడు, నా రెప్పలు ఇప్పటికీ ఆ మాట వింటున్నాయి, అంతే. నా సంచిలోని తాడు, రాళ్ల సంచులు, మూడు ముళ్ల రుమాలు కూడా అలాంటివేనేమో. అందరికీ కాస్త ముందుగా నేను ఆంఖ్ అని అరుస్తుంటాను. ఆ ఫోటోలో తమాషా ఏమిటంటే, నా నోట్లో ఉన్న మాట కళ్లు ముయ్యి అని. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

డిమ్నా వెళ్లి ఇలాంటి ఫోటో తీయాలనుకునేవాళ్లకు ఒకే ఒక్క సలహా. మీ ఇంట్లో ఎప్పుడూ కళ్లు మూసుకునే మనిషి ఉంటే, లైటును దానంతట అది లెక్క వేసుకోనివ్వకండి, వెలుగు మీ చేత్తో పెట్టండి. ఒకటి రెండు మూడు అనకండి. వాళ్లను ఏదైనా అడగండి, వాళ్లు చెప్పబోతుండగా నొక్కండి.